ఎక్స్‌రేలో కనిపించని నొప్పి

ఉరవకొండకు పడమట, గాలిమరలు బారులు తీరిన గుట్టల కింద జోగన్నపల్లె అనే చిన్న ఊరు ఉంది. ఆ ఏడు విత్తనం మొలిచేదాకా కురిసిన వాన, ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు మొహం చాటేసింది. అక్టోబరు నెలాఖరుకు వేరుశనగ చేలలో మిగిలింది కాయ కాదు, పశువుల మేతకు పనికొచ్చే కట్టె. అదైనా గాలికి పోకముందే ఇంటికి చేర్చుకోవాలని రైతులు కూలీలను పిలుస్తున్నారు.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే కృపాకుమారి తన కూతురు సారాను వెంటబెట్టుకుని అలాంటి చేనికే కూలికి వెళ్ళింది. సారాకు పదిహేనేళ్ళు. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆడవాళ్ళంతా వరసలు పట్టి, నడుములు వంచి, ఎండిన చెట్లను పిడికిళ్ళతో పెరుకుతూ ముందుకు కదులుతున్నారు. సారా సగం సాలు దాటకుండానే ఆగిపోయింది. ఎడమ చేతిని నడుము కింద ఆనించుకుని తల్లి వైపు చూసింది.

"మా, నడుము నొస్తాంది."

పక్క సాలులోంచి నల్లమ్మ నవ్వింది. నల్లమ్మకు అరవై దాటాయి. పని మాని నిలబడినా ఆమె వీపు నేలకేసి వంగే ఉంటుంది.

"ఏమే, అప్పుడే నీకు నడుము మొలిచిందా? నన్ను జూడు, నిటారుగా నిలబడి ఎన్నేండ్లాయనో! పెండ్లి గాలే, పిల్లలు గాలే, నీకు నడుమునొప్పి యాడనుంచి వచ్చెనే?"

అందరూ నవ్వారు. కృపాకుమారి కూడా నవ్వింది.

"వంగితే గాదు మా," అంది సారా చిన్నబుచ్చుకుని. "వెనక్కి వాలితే నొస్తాంది. బాలు తన్నేటప్పుడు ఈడ, ఎడమ పక్క, దబ్బనం దిగినట్ల ఉంటాది."

"అయితే మంచిదే గదా. ఈడ వంగే పనే ఉండాది. వంగు," అంది తల్లి. మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వులో కీడు ఏమీ లేదు. అక్కడున్న ప్రతి ఆడమనిషికీ నడుమునొప్పి ఉంది. కొందరు బిగుతుగా గుడ్డ చుట్టుకుని పనికి వచ్చారు, కొందరు రాత్రి వేడినీళ్ళ కాపడం పెట్టుకుని వచ్చారు. అందరికీ నొప్పి ఉన్న చోట ఎవరి నొప్పీ నొప్పిగా లెక్కకు రాదు. ఆకలినీ ఎండనూ ఓర్చుకున్నట్టే దాన్నీ ఓర్చుకోవాలని తల్లి నుంచి కూతురికి పాఠం అందుతుంది. ఆ పాఠం ఒక బిడ్డకు ఏం చేసిందో చెప్పడానికే ఈ కథ.

సారా మళ్ళీ వంగింది.

ఆ ఊరి పిల్లలు మైలు దూరంలోని హైస్కూలుకు నడిచిపోతారు. అక్కడికి వ్యాయామ ఉపాధ్యాయుడిగా మారుతి వచ్చాక ఆడపిల్లలకు ఫుట్‌బాల్ అబ్బింది. మైదానం అంటే పెద్దగా ఏమీ లేదు. గరుసు నేల, రెండు వైపులా వల లేని ఇనుప స్తంభాలు. పడితే మోకాలి చర్మం లేచిపోతుంది. అయినా సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు ఆ నేల మీదికి రెక్కలొచ్చినట్టు పరుగెత్తేవాళ్ళు. ఇంట్లో ఎవరూ చప్పట్లు కొట్టని ఆ పిల్లలకు అక్కడ చప్పట్లు దొరికేవి.

అందరిలోకీ సారా కాలు వేరు. ఆమె కుడికాలితో తన్నిందంటే బంతి సగం మైదానం దాటి గాలిలోనే వెళ్ళేది. గాలిమరల వైపు నుంచి వీచే ఎదురుగాలిని కూడా చీల్చుకుని పోయేది. "నీ కాలు మన స్కూలుకు దేవుడిచ్చినాడు సారా," అనేవాడు మారుతి. జిల్లా పోటీలు దగ్గర పడేకొద్దీ మిగతా పిల్లలు ఇళ్ళకు పోయిన తరువాత కూడా ఆమెను నిలబెట్టి, బంతి మీద బంతి పెట్టి తన్నించేవాడు. వెలుగు పూర్తిగా పోయేదాకా తన్నించేవాడు.

నడుము నొప్పి సంగతి సారా ఆయనకూ చెప్పింది.

"ఆటగాళ్ళకు నొప్పి లేకుండా ఎట్ల ఉంటాది సారా? నా మోకాలు చూడు, ఎన్ని కుట్లు పడినాయో. ఓర్చుకున్నోళ్ళే పైకి పోతారు," అని మారుతి నొప్పి తగ్గే మందు చల్లి, వీపు గట్టిపడాలని వెనక్కి వంగే కసరత్తులు ఇంకొన్ని చేయించాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు. ఆయనకు చిన్నప్పుడు నేర్పినవాళ్ళు అదే చెప్పారు, ఆయన అదే చెప్పాడు. అంతకు మించి ఏం చేయాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

నొప్పి తగ్గలేదు. కృపాకుమారి ఊళ్ళో వైద్యం చేసే గంగాధరప్ప దగ్గరికి తీసుకుపోతే ఆయన ఒక సూది వేశాడు. ఆ సూదిమందు పనిచేసినంతసేపు హాయిగా ఉండేది. సారా ఆడేది. ఆడిన మరునాడు మళ్ళీ అదే పోటు, మరింత లోతుగా.

సారా తండ్రి జాకబ్ గాలిమరల దగ్గర కాపలాదారు. మాట తక్కువ మనిషి. కూతురు పొద్దున మంచం మీంచి లేచే తీరు ఆయన కంటపడింది. తిన్నగా లేవలేక, పక్కకు ఒరిగి, చేతుల మీద బరువు మోపి, అంచెలంచెలుగా లేస్తోంది. ఆయన ఆ రోజు పనికి సెలవు పెట్టి సారాను ఉరవకొండకు తీసుకుపోయాడు. అక్కడ ఎక్స్‌రే తీశారు. చూసిన డాక్టరు ఫోటోను వెలుతురుకు పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, "ఎముకలు బాగుండాయి. ఏం లేదు. కండరం పట్టింటాది," అన్నాడు. ఆమె నడుమును తాకలేదు, ఎప్పుడు నొస్తుందని అడగలేదు. బయట ఇంకా చాలామంది వరసలో ఉన్నారు.

జాకబ్ మొహం వెలిగిపోయింది. బస్టాండు దగ్గర కూతురికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించాడు. "ఇంగ భయం లేదు పాప, ఎముకలు బాగుండాయంట," అని దారి పొడుగునా అదే మాట చెప్పాడు. సారాకూ సంతోషమే. కానీ బస్సు గుంతలో పడి ఎగిరినప్పుడల్లా ఆమె సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని పళ్ళు బిగించింది.

ఆ రోజు నుంచి ఆ ఎక్స్‌రే ఇంట్లో సాక్ష్యమైపోయింది. సారా నడుము పట్టుకుంటే తల్లి, "ఫోటోలో ఏం లేదనిరి గదే, నువ్వే ఊరికే దాన్నే తలుచుకుంటాండావు," అనేది. నీళ్ళబిందె దించలేక నిలబడితే, "ఆటకు లేని నొప్పి పని చెప్తే వస్తాందే నీకు," అనేది. మైదానంలో మారుతి, "ఎక్స్‌రే క్లియర్ గదా సారా, ధైర్యంగా తన్ను," అనేవాడు. తోటి పిల్లలు కూడా పరుగుల పందెం పెట్టినప్పుడు ఆమె వెనకబడితే ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు.

అందరూ ఒకే మాట అంటూ ఉంటే పిల్ల మనసు ఎంతసేపు నిలుస్తుంది? కొన్నాళ్ళకు సారాకే అనుమానం పట్టుకుంది. 'నాకు నిజంగా నొస్తాందా? లేకపోతే నేనే అట్ల అనుకుంటాండానా? నేను సోమరిదాన్నా? అబద్ధాలకోరునా?' అని తనలో తాను తర్కించుకునేది. చర్చిలో మోకరించినప్పుడు నడుము కలుక్కుమంటే, అది కూడా తన పాపమేనేమో అని కళ్ళు గట్టిగా మూసుకునేది. చివరికి చెప్పడం మానేసింది. ఇంట్లో వాళ్ళు నొప్పి తగ్గిందనుకున్నారు. తగ్గింది నొప్పి కాదు, చెప్పడం.

జనవరిలో అనంతపురంలో జిల్లా పోటీలు జరిగాయి. రాష్ట్ర జట్టుకు పిల్లలను ఎంచేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. బయలుదేరే ముందు గంగాధరప్ప వేసిన సూది మొదటి సగం వరకు పనిచేసింది. రెండో సగంలో గోలుకు చాలా దూరంలో సారా జట్టుకు ఫ్రీ కిక్ దొరికింది. మారుతి గీత బయటి నుంచి, "సారా! సారా!" అని అరుస్తున్నాడు. సారా వెనక్కి అడుగులు వేసి, ఊపిరి బిగబట్టి, పరుగెత్తుకుంటూ వచ్చి తన్నింది.

బంతి గోలు కాసే పిల్ల చేతుల మీదుగా వలలో పడింది. తన్నిన చోటే సారా కూలిపోయింది.

సంతోషంతో పడిందనుకున్నారు. జట్టు మొత్తం పరుగెత్తుకుని వచ్చి ఆమె మీద పడి వాటేసుకున్నారు. ఒకరి మీద ఒకరు. ఆ కేరింతల కింద ఆమె పెట్టిన కేక ఎవరికీ వినిపించలేదు. అందరూ లేచి దుమ్ము దులుపుకున్నాక చూస్తే సారా లేవలేదు. ఎడమ కాలు తనది కానట్టు నేల మీద పడి ఉంది.

కబురందుకుని తల్లిదండ్రులు వచ్చేసరికి సారాను పెద్దాసుపత్రిలో ఎముకల విభాగంలో డాక్టర్ సునంద చూస్తోంది. ఆమెది ధర్మవరం, మగ్గాల ఇంటి ఆడబిడ్డ. సారాను పక్కకు తిప్పి పడుకోబెట్టి, వేళ్ళతో వెన్ను వెంట మెల్లగా దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. సారా ఉలిక్కిపడింది. ఇన్ని నెలల్లో ఆ చోటును తాకిన మొదటి మనిషి ఆమె.

"ఎప్పటినుంచి నొస్తాంది తల్లీ?"

సారా తల తిప్పి తల్లి మొహం చూసింది.

"మీ అమ్మను గాదు, నిన్ను అడుగుతాండా," అంది సునంద మెత్తగా.

"పోయిన వానకాలం నుంచి మేడమ్. బాలు తన్నేటప్పుడు. వెనక్కి వాలినా వస్తాది."

జాకబ్ సంచిలోంచి పాత ఎక్స్‌రే తీసి ఇచ్చాడు. "ఫోటో తీయించినాం మేడమ్. ఏం లేదనిరి."

"ఫోటో తీయించినారు, సరే. పిల్లను ఎవరన్నా ఈ మాటలు అడిగినారా?"

జాకబ్ తల దించుకున్నాడు. మారుతి తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

మరునాడు ఎంఆర్‌ఐ తీశారు. సన్నని గొట్టంలాంటి యంత్రంలోకి సారాను పంపారు. కదలొద్దన్నారు. బోరుబండి రాతిని తొలిచేటప్పుడు వచ్చే మోతలాంటిది ఆమె తల చుట్టూ మొదలైంది. ఆమెకు భయమేసింది. కానీ యంత్రానికి కాదు. ఇందులోనూ ఏమీ కనిపించకపోతే? మళ్ళీ అందరూ, "చూసినావా, ఏం లేదు," అంటే?

చేతులు కదపకూడదు గనక మనసులోనే జోడించింది. "ప్రభువా, ఏదో ఒకటి కనిపించేటట్ల చెయ్యి. ఏం లేదని మాత్రం చెప్పించొద్దు."

ఈ కథ చదువుతున్న తల్లులూ తండ్రులూ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పదిహేనేళ్ళ పిల్ల, బంతితో ఆడుకోవలసిన పిల్ల, తన వెన్నులో ఎముక చెడిపోయి ఉండాలని దేవుణ్ణి వేడుకుంది. తాను అబద్ధాలకోరును కానని రుజువు కావడానికి ఆమెకు అంతకన్నా వేరే దారి కనిపించలేదు. ఆ ప్రార్థన ఆమెకు ఏ గుడిలోనూ ఏ చర్చిలోనూ నేర్పలేదు. దగ్గరివాళ్ళు, ప్రేమ ఉన్నవాళ్ళు నేర్పారు.

ఆమె మొర దేవుడు విన్నాడనే అనుకోవాలి.

సునంద అందరినీ కూర్చోబెట్టి తెర మీద బొమ్మ చూపించింది. "ఇది వెన్నులో అడుగున ఉండే పూస. దీనికి వెనకపక్క, కుడి ఒకటి ఎడమ ఒకటి, సన్నని ఎముక వంతెనలు ఉంటాయి. వెనక్కి వంగి, నడుము తిప్పి తన్నినప్పుడల్లా వాటి మీద బరువు పడుతుంది. ఒక తీగను మళ్ళీ మళ్ళీ వంచితే ఏమవుతుంది? అట్లనే. మొదట ఎడమపక్క పగిలింది. దాని బరువు కూడా మోసి కుడిపక్కదీ పోయింది. పట్టు లేక పూస ముందుకు జారింది. కాలికి పోయే నరం మీద ఒత్తుతాంది."

సారాకు ముందుగా కలిగింది సంతోషం. 'నేను అబద్ధం చెప్పలేదు. నాకు నిజంగానే నొచ్చింది.' ఆమె కళ్ళు తిప్పి తల్లిని చూసింది, తండ్రిని చూసింది, సార్‌ను చూసింది. ముగ్గురిలో ఒక్కరూ ఆమె కళ్ళలోకి చూడలేకపోయారు.

"మరి ఎక్స్‌రేలో..." అన్నాడు మారుతి.

"ఎక్స్‌రే అబద్ధం చెప్పలేదు సార్. ఈ రకం పగులు మొదట్లో దానికి చాలాసార్లు దొరకదు. ఎంఆర్‌ఐలో అయితే ఎముక లోపల వాపు ముందే తెలుస్తుంది. అప్పుడే ఆట మాన్పించి, కొన్ని నెలలు విశ్రాంతి ఇస్తే చాలామంది పిల్లలకు తిరిగి అతుక్కుంటుంది. మళ్ళీ ఆడుకుంటారు కూడా."

"ఇప్పుడు?" అన్నాడు జాకబ్.

"ఇప్పుడు విరిగిన కొసలు నునుపెక్కినాయి. అతుక్కోవు. బెల్టు వేస్తాం, కసరత్తులు నేర్పిస్తాం. కాలి తిమ్మిరి తగ్గొచ్చు. ఎదిగే వయసు గాబట్టి పూస ఇంకా జారుతాందేమో చూస్తా ఉండాల. జారితే ఆపరేషన్ తప్పదు. బరువులు ఎత్తగూడదు. ఫుట్‌బాల్ ఇంక వద్దు."

చివరి మాట ఆమె చాలా మెల్లగా అంది. అయినా గదిలో అందరికీ అదొక్కటే వినిపించింది. సారా మొహంలో ఆ చిన్న సంతోషం ఎట్లా వచ్చిందో అట్లే ఆరిపోయింది.

మారుతి లేచి నిలబడ్డాడు. "మేడమ్, నా టీములో పిల్లలందరికీ ఈ స్కాన్ తీయిస్తా. ఎట్లన్నా సరే."

"వద్దు సార్. నొప్పి లేని పిల్లలకు తీసినా ఏదో ఒక మచ్చ కనిపిస్తుంది, ఊరికే భయపడి ఆట మాన్పిస్తారు. అది ఇంకో అన్యాయం. బొమ్మ తరువాత. ముందు పిల్లను అడగండి. ఎదిగే పిల్లకు నడుమునొప్పి వారం రెండు వారాలకు మించి ఉండి, వెనక్కి వంగితే ఎక్కువయితే, అప్పుడు ఆట ఆపి పిల్చుకురండి. స్కాన్ కావాలో వద్దో మేం చూస్తాం."

వరండాలో కృపాకుమారి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆమె ఏడవలేదు. "నేను నవ్వితినే," అంది భర్తతో. "చేన్లో అందరితో పాటు నేనూ నవ్వితినే." జాకబ్ ఆమె పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

తరువాతి నెలలు ఆ ఇంట్లో చప్పుడు లేకుండా గడిచాయి. తిమ్మిరి చాలావరకు తగ్గింది. నడక వచ్చింది. కానీ గట్టి బెల్టు బిగించుకుని మెల్లగా నడిచే సారాను చూస్తే ఆమె ఒకప్పుడు గాలిని చీల్చుకుని తన్నిన పిల్ల అంటే నమ్మబుద్ధి కాదు. సాయంత్రం బడి గంట మోగితే ఆమె పుస్తకం తెరుచుకుని తరగతి గదిలోనే కూర్చునేది. మైదానం నుంచి బంతి చప్పుడు వస్తుంటే కిటికీ రెక్క మూసేది. రాష్ట్ర జట్టుకు ఎంపికైన పిల్లల ఫోటో పత్రికలో వచ్చినరోజు ఆమె అన్నం తినలేదు. తల్లి బతిమాలలేదు. పళ్ళెం ముందు కూతురి పక్కనే ఊరికే కూర్చుంది.

జూన్‌లో బడి తెరిచాక మారుతి ఒకరోజు తరగతి గదిలోకి వచ్చాడు. "సారా, మైదానంలో నాకు తోడుగా ఉండు. పిల్లలకు బాలు ఎట్ల తన్నాలో చెప్పు. నేను నీకు చేసినదానికి ఇది బదులు గాదు. కానీ నీ ఆట నీతోనే పోగూడదు," అన్నాడు. సారా చాలా రోజులు పోలేదు. ఒక సాయంత్రం ఎందుకో కిటికీ మూయకుండా లేచి వెళ్ళింది. గీత బయట రాతి మీద కూర్చుంది. ఏడ్పు వచ్చింది. అయినా లేచి రాలేదు.

ఆగస్టులో ఉరవకొండలో పోటీ జరిగింది. గెలిచిన జట్టు జిల్లాకు పోతుంది. మారుతి జట్టులో ఇప్పుడు అందరి ఆశ శశి మీద ఉంది. శశి నల్లమ్మ మనవరాలు, ఎనిమిదో తరగతి. గాలిలా పరుగెత్తే పిల్ల. సగం ఆట ముగిసి నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు ఆ పిల్ల వంగి బాటిల్ తీసుకుని, లేస్తూ లేస్తూ ఒక్క క్షణం ఆగింది. మొహం తిప్పుకుని కళ్ళు మూసుకుంది. ఇంకెవరూ గమనించలేదు.

సారా దగ్గరికి పోయింది. "శశీ, నడుమా?"

"ఏం లేదక్కా."

"ఎవరికీ చెప్పనులే. నాకు చెప్పు. ఎప్పటినుంచి?"

శశి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బడి తెరిచినప్పటి నుంచి. అవ్వతో చెప్తే ఎండకని కొబ్బరినూనె రాసింది. సార్‌తో చెప్పొద్దక్కా, నన్ను తీసేస్తాడు. నేను లేకుంటే టీముకు..."

మాట పూర్తికాకుండానే సారా ఆమె చెయ్యి పట్టుకుని మారుతి దగ్గరికి నడిపించింది. "సార్, శశికి రెండు నెలల నుంచి నడుము నొస్తాంది. ఆడించొద్దు."

మారుతి మైదానం వైపు చూశాడు. ఆట సమానంగా ఉంది. మార్చడానికి పిల్లలు లేరు. ఉన్న ఒక్క అదనపు పిల్లకు అప్పటికే కాలు బెణికింది. ఈల ఊదబోతున్నారు. "ఈ ఒక్క సగం, సారా," అన్నాడు ఆయన, దాదాపు బతిమాలుతున్నట్టు. "రేపే ఆసుపత్రికి నేను పిల్చుకుపోతా."

"నాకూ ఇట్లనే ఒక్క సగం మిగిలింది సార్."

మారుతి తానే వంగి శశి బూట్ల తాళ్ళు విప్పాడు.

పదిమందితో ఆడారు. ఓడిపోయారు. తిరుగుదారిలో ఆటోలో ఒక్క పిల్ల కూడా సారాతో మాట్లాడలేదు. ఒకతె మాత్రం బయటికి చూస్తూ, "తను ఆడలేకపోతాంది గాబట్టి మమ్మల్నీ ఆడనీదు," అంది. ఆ మాటలో కొంచెమైనా నిజం ఉందేమోనని సారా ఆ దారంతా తన్ను తాను పరీక్షించుకుంది. శశి పరుగు చూసినప్పుడల్లా గుండెలో మంట లేవలేదని ఆమె చెప్పుకోలేకపోయింది. అయినా ఆ పిల్ల మొహం తిప్పుకున్న క్షణంలో తనకు మంట కాదు, భయమే కలిగిందని తెలుసుకుని కొంత ఊరట పడింది.

సారా శశి ఇంటికి పోయి విషయం చెప్పగానే నల్లమ్మ ఆమె నడుముకున్న బెల్టు వైపు కాసేపు చూసింది. "ఎప్పుడు పోదాం?" అని మాత్రం అడిగింది.

సునంద శశిని పరీక్షించి ఎంఆర్‌ఐ తీయించింది. ఎడమపక్క ఎముకలో వాపు ఉంది. పగులు ఇంకా పూర్తిగా సాగలేదు. "ఆట బంద్. బరువులు బంద్. దసరా పోయి సంక్రాంతి దగ్గరికొచ్చేసరికి మళ్ళీ చూద్దాం. అతుక్కుంటుందనే నా నమ్మకం," అని, నల్లమ్మ భుజం తట్టి, "మంచి సమయానికి తెచ్చినారమ్మా," అంది.

నల్లమ్మ చేతులెత్తి మొక్కింది. శశి ఏడుస్తూ నవ్వింది. వాళ్ళతో పాటు వచ్చిన సారా మెల్లగా బయటికి నడిచి, వరండా చివర స్తంభం పక్కన నిలబడింది. తోడుగా వచ్చిన కృపాకుమారి ఆమె వెనకే వెళ్ళింది.

"సంతోషమే మా," అంది సారా తల్లి అడగకముందే. "నాకు నిజంగా సంతోషమే. కానీ ఆ మేడమ్ చెప్పిన మాట... మంచి సమయానికి తెచ్చినారు అనె గదా..." తల్లి ఆమెను దగ్గరికి తీసుకుని, "చెప్పు నాయనా, అంతా చెప్పు. ఎంతసేపన్నా వింటా," అంది.

కొన్ని వారాల తరువాత బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. కూలి మానుకుని వచ్చినవాళ్ళతో గది నిండింది. మారుతి లేచాడు.

"నేను మీ పిల్లలకు ఆట నేర్పినాను. ఓర్చుకోమని కూడా నేర్పినాను. ఆకలికి, దుమ్ముకు, ఓటమికి ఓర్చుకోమనడం సరే. కానీ పిల్ల నొప్పి అన్నప్పుడు ఓర్చుకో అనడం తప్పు. నాకు ఆ తేడా తెలిసేసరికి ఒక మంచి ఆటగత్తె పోయింది. ఇంకమీదట నా మైదానంలో నొప్పి చెప్పిన పిల్లను ఎవరూ ఎగతాళి చెయ్యరు. ఆ పిల్ల చోటు టీములో ఎవరూ తీసుకోరు. బాగై వచ్చేదాకా ఆ చోటు అట్లనే ఉంటాది."

తరువాత ఆయన సారాను పిలిచాడు. ఆమె బెల్టు సవరించుకుంటూ ముందుకు వచ్చింది. ఇంతమంది ముందు ఎన్నడూ మాట్లాడలేదు. వెనక వరసలో తల్లి నిలబడే ఉంది, కూతురి మొహం బాగా కనిపించాలని.

"నాకు పెద్ద మాటలు రావు," అంది సారా. "పిల్లలకు ఒకటే చెప్తా. మొదటి రోజే చెప్పండి. ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పండి. నాలాగా ఊరుకోవద్దండి."

ఆమె తల ఎత్తి పెద్దవాళ్ళ వైపు తిరిగింది.

"పెద్దోళ్ళకూ ఒకటే చెప్తా. మీ పిల్ల నొస్తాంది అంటే నమ్మండి. నమ్మేదానికి విరిగిన ఎముక ఫోటో కావాలని అడగొద్దండి."